కంప్యూటర్ మారినా మెయిల్స్ పోకుండా: అవుట్‌లుక్ డేటా ఫైల్‌ను వెతికి, బ్యాకప్ తీసి, మళ్లీ కలపడం ఎలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీస్ 2016, 2019లకూ అదే రోజు గడువు తీరింది. దాంతో ఆడిట్ ఆఫీసుల్లో, మెడికల్ ఏజెన్సీల్లో, చిన్న ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న కంప్యూటర్లు మారుతున్నాయి. ఆ వెంటే అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: అవుట్‌లుక్‌లో ఉన్న ఇన్నేళ్ల మెయిల్స్‌ను కొత్త సిస్టమ్‌లోకి ఎలా తీసుకెళ్లాలి?

ఫైల్ కాపీ చేయడం పెద్ద పనేం కాదు. మెయిల్స్ నిజంగా ఏ ఫైల్‌లో పడుతున్నాయో తేల్చుకోవడమే అసలు పని. తప్పు ఫైల్‌ను భద్రంగా దాచుకుని, అసలైన దాన్ని ఫార్మాట్‌లో పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఇందులో ఆ భాగం మీద ఎక్కువసేపు ఆగుతాను.

ఇక్కడ చెప్పేది క్లాసిక్ అవుట్‌లుక్ గురించి, అంటే 2013, 2016, 2019, 2021, మైక్రోసాఫ్ట్ 365లతో వచ్చే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్. విండోస్ 11లో 'న్యూ' అవుట్‌లుక్ కూడా కనిపిస్తుంది. పాత డేటా ఫైళ్లతో దాని పని ఇంకా పరిమితమే. స్టార్ట్ మెనూలో 'క్లాసిక్' అని రాసి ఉన్నదాన్నే తెరవండి.

## 1. ముందుగా మీ అకౌంట్ ఏ రకమో చూడండి

అవుట్‌లుక్‌లో ఫైల్ → అకౌంట్ సెట్టింగ్స్ → అకౌంట్ సెట్టింగ్స్ తెరవండి. 'ఈమెయిల్' ట్యాబ్‌లో మీ అడ్రస్ పక్కన 'టైప్' అనే వరుస ఉంటుంది. అక్కడ ఉన్న మాటను బట్టే తర్వాతి పనంతా ఉంటుంది.

పాప్ అని ఉంటే: మెయిల్ సర్వర్ నుంచి దిగి మీ కంప్యూటర్‌లోని పీఎస్‌టీ ఫైల్‌లో (పేరు చివర .pst అని ఉండే అవుట్‌లుక్ డేటా ఫైల్) చేరుతుంది. సెట్టింగ్స్ మార్చకపోతే అవుట్‌లుక్ మామూలుగా సర్వర్‌లో 14 రోజులు మాత్రమే కాపీ ఉంచుతుంది. అంతకన్నా పాత మెయిల్స్‌కు మీ డిస్క్‌లో ఉన్నదే ఏకైక కాపీ. ఈ గైడ్ అందరికన్నా మీకే ఎక్కువ అవసరం.

ఐమ్యాప్, ఎక్స్చేంజ్ లేదా మైక్రోసాఫ్ట్ 365 అని ఉంటే: అసలు మెయిల్స్ సర్వర్‌లోనే ఉంటాయి. మీ దగ్గరున్న ఓఎస్‌టీ ఫైల్ (పేరు చివర .ost అని ఉండేది) దానికి జిరాక్స్ కాపీ లాంటిది. ఓఎస్‌టీని ఇంకో కంప్యూటర్‌కు కాపీ చేసుకెళ్లినా అక్కడ తెరుచుకోదు. కొత్త సిస్టమ్‌లో అకౌంట్ పెడితే అదే మళ్లీ తయారవుతుంది.

అలాగని ఐమ్యాప్ వాళ్లు పూర్తిగా నిశ్చింతగా ఉండకూడదు. అవుట్‌లుక్ 2013 నుంచి ఐమ్యాప్ అకౌంట్ల కింద క్యాలెండర్, కాంటాక్ట్స్ ఫోల్డర్ల పక్కన 'దిస్ కంప్యూటర్ ఓన్లీ' అని కనిపిస్తుంది. ఆ మాటను అక్షరాలా నమ్మండి. అవి సర్వర్‌లో లేవు, ఆ ఒక్క ఓఎస్‌టీలోనే ఉన్నాయి. కంప్యూటర్ ఫార్మాట్ అయితే మెయిల్స్ తిరిగి వస్తాయి, ఫోన్ నంబర్లు రావు. వాటిని ఇలా బయటికి తీయాలి:

- ఫైల్ → ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్ → ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ నొక్కండి.
- 'ఎక్స్‌పోర్ట్ టు ఎ ఫైల్', ఆ తర్వాత 'అవుట్‌లుక్ డేటా ఫైల్' ఎంచుకోండి.
- కాంటాక్ట్స్ ఫోల్డర్ ఎంచుకుని, సబ్‌ఫోల్డర్లకూ టిక్ పెట్టి, పేరిచ్చి సేవ్ చేయండి.
- క్యాలెండర్‌కూ అలాగే వేరే పేరుతో చేయండి.

## 2. ఫైల్ ఎక్కడుందో వెతకండి

అవుట్‌లుక్ తెరుచుకుంటుంటే వెతకాల్సిన పనే లేదు. అకౌంట్ సెట్టింగ్స్‌లోనే 'డేటా ఫైల్స్' అనే రెండో ట్యాబ్ ఉంది. అవుట్‌లుక్ వాడుతున్న ప్రతి ఫైల్ పేరూ, దాని దారీ అక్కడ ఉంటాయి. ఒక్కోదాన్నీ ఎంచుకుని 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. దారి మొత్తం కనబడేలా ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

అవుట్‌లుక్ తెరుచుకోకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో 'మెయిల్' ఐకాన్ చూడండి. అందులో 'డేటా ఫైల్స్' నొక్కితే అదే జాబితా వస్తుంది.

రెండూ కుదరకపోతే ఈ చోట్ల చూడండి:

- డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో 'అవుట్‌లుక్ ఫైల్స్'. అవుట్‌లుక్ 2010 నుంచి పీఎస్‌టీ మామూలుగా ఇక్కడే పుడుతుంది.
- సి డ్రైవ్ → యూజర్స్ → మీ యూజర్ పేరు → యాప్‌డేటా → లోకల్ → మైక్రోసాఫ్ట్ → అవుట్‌లుక్. ఓఎస్‌టీలు ఇక్కడుంటాయి. 2007 కాలం నుంచి అప్‌గ్రేడ్ చేస్తూ వచ్చిన సిస్టమ్‌లలో పాత పీఎస్‌టీలు కూడా ఇక్కడే దొరుకుతాయి.
- వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలి డాక్యుమెంట్స్. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ చేసినప్పుడు డాక్యుమెంట్స్ మొత్తం అక్కడికి మారిపోతుంది.
- డి, ఇ డ్రైవ్‌లు. సర్వీస్ చేసినవాళ్లు సి డ్రైవ్‌లో జాగా కోసం పీఎస్‌టీని అక్కడికి మార్చి ఉండొచ్చు.

యాప్‌డేటా కనిపించడం లేదని కంగారు పడకండి, అది హిడెన్ ఫోల్డర్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ → షో → హిడెన్ ఐటమ్స్‌కు టిక్ పెట్టండి. పక్కనే ఉన్న 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్'కు కూడా పెట్టండి. లేకపోతే పీఎస్‌టీ ఏదో, ఓఎస్‌టీ ఏదో పేరు చూసి చెప్పలేరు.

కంప్యూటర్ అసలు ఆన్ కాకపోయినా డిస్క్ బాగుంటే, దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే సిస్టమ్‌కు తగిలించి ఇవే చోట్ల వెతకొచ్చు. డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే డిస్క్ తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉందో లేదో సిస్టమ్ బాగున్న రోజుల్లోనే చూసి పెట్టుకోండి.

## 3. ఇవాళ్టి మెయిల్ ఏ ఫైల్‌లో పడుతోంది?

పాత ఆఫీస్ సిస్టమ్‌లో వెతికితే ఒక్క ఫైల్ దొరకదు. అవుట్‌లుక్ అనే పీఎస్‌టీ ఒకటి, ఈమెయిల్ అడ్రస్ పేరుతో ఒకటి, పాత మెయిల్స్‌ను పక్కకు తీసే ఆటోఆర్కైవ్ తయారుచేసిన 'ఆర్కైవ్' ఒకటి, ఎవరో ఎప్పుడో తీసిన 'బ్యాకప్' ఇంకొకటి ఉంటాయి. వీటిలో ఏది అసలు?

చాలామంది 'డేట్ మాడిఫైడ్' చూసి తేల్చేస్తారు. అది సరిపోదు. అవుట్‌లుక్‌లో తెరిచి ఉన్న ప్రతి పీఎస్‌టీ తేదీ, అందులోకి కొత్త మెయిల్ రాకపోయినా మారిపోతుంది. నాలుగు ఫైళ్లకూ ఇవాళ్టి తేదీనే ఉండొచ్చు. సైజు పెద్దది కాబట్టి అదే అసలు అనుకోవడమూ తప్పే. పెద్ద ఫైల్ పాత ఆర్కైవ్ కావచ్చు.

నమ్మదగ్గ పద్ధతి ఇదీ:

1. మీ ఫోన్ నుంచి ఆ అడ్రస్‌కే ఒక మెయిల్ పంపండి. సబ్జెక్ట్‌లో 'పీఎస్‌టీ పరీక్ష' లాంటి తేలిగ్గా గుర్తుపట్టే మాట పెట్టండి.
2. అవుట్‌లుక్‌లో సెండ్/రిసీవ్ నొక్కి, అది ఏ ఇన్‌బాక్స్‌లో పడిందో చూడండి. ఎడమవైపు ఒకే పేరుతో రెండు మూడు ఫోల్డర్ గుంపులు ఉంటే పేరు చూసి ఊహించకండి.
3. ఆ గుంపు పై పేరు మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో ఎంపికై కనిపించేదే ఇవాళ్టి ఫైల్.
4. 'సెంట్ ఐటమ్స్' కూడా అందులోనే ఉందా? మీరు పంపిన చివరి మెయిల్ ఉందో లేదో చూడండి. వచ్చేవి ఒక ఫైల్‌లో, పంపినవి ఇంకో ఫైల్‌లో ఉన్న సెటప్‌లు అరుదేమీ కాదు.

మిగతా ఫైళ్లను వదిలేయమని కాదు. ఒక్కొక్కదాన్నీ తెరిచి మొదటి మెయిల్ తేదీ, చివరి మెయిల్ తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. జీఎస్టీ నోటీసుకో, ఇన్‌కమ్ ట్యాక్స్ స్క్రూటినీకో నాలుగేళ్ల కిందటి మెయిల్ కావాల్సి వస్తే అది ఎక్కడుందో ఈ కాగితమే చెబుతుంది.

## 4. పీఎస్‌టీలో రానివి

మెయిల్స్, కాంటాక్ట్స్, క్యాలెండర్, టాస్క్స్ పీఎస్‌టీలో ఉంటాయి. ఇవి మాత్రం వేరే చోట ఉంటాయి, విడిగా తీసుకోవాలి:

- ☐ సిగ్నేచర్లు: యాప్‌డేటా → రోమింగ్ → మైక్రోసాఫ్ట్ → సిగ్నేచర్స్ ఫోల్డర్ మొత్తం
- ☐ మెయిల్ టెంప్లేట్లు: అదే రోమింగ్ → మైక్రోసాఫ్ట్ కింద టెంప్లేట్స్ ఫోల్డర్
- ☐ రూల్స్ (మెయిల్స్ వాటంతటవే ఫలానా ఫోల్డర్‌లోకి వెళ్లేలా పెట్టుకున్నవి): ఫైల్ → మేనేజ్ రూల్స్ → ఆప్షన్స్ → ఎక్స్‌పోర్ట్ రూల్స్
- ☐ పాస్‌వర్డ్, ఇన్‌కమింగ్ సర్వర్, ఔట్‌గోయింగ్ సర్వర్, పోర్ట్ నంబర్లు: అకౌంట్ సెట్టింగ్స్‌లో 'చేంజ్', తర్వాత 'మోర్ సెట్టింగ్స్' తెరిచి ఫోటోలు తీసుకోండి

పాస్‌వర్డ్ చుక్కలుగానే కనిపిస్తుంది, కాపీ కాదు. గుర్తు లేకపోతే పాత సిస్టమ్ పనిచేస్తున్నప్పుడే మీ డొమైన్ చూసేవాళ్లతో మార్పించుకోండి. కొత్త సిస్టమ్ ముందు కూర్చున్నాక ఆ టెన్షన్ వద్దు.

## 5. కాపీ తీసే వరస

1. పాత సిస్టమ్‌లో చివరిసారి సెండ్/రిసీవ్ నొక్కండి. ఔట్‌బాక్స్ ఖాళీ అయిందో లేదో చూడండి.
2. అవుట్‌లుక్ మూసేయండి. టాస్క్ మేనేజర్ తెరిచి అది వెనకాల ఇంకా నడుస్తోందేమో చూడండి. నడుస్తుంటే ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పెద్ద ఫైల్ అయితే మూసుకోవడానికి టైమ్ పడుతుంది.
3. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో తేదీతో ఫోల్డర్ పెట్టి, పైన 3వ భాగంలో తేలిన ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేయండి. కట్ చేయొద్దు, కాపీ మాత్రమే. మధ్యలో కేబుల్ ఊడినా అసలు ఫైల్ భద్రంగా ఉండాలి.
4. కాపీ అయ్యాక రెండింటి ప్రాపర్టీస్ తెరిచి సైజు పోల్చండి. జీబీల్లో కాదు, బ్రాకెట్‌లో ఉండే బైట్ల అంకె చివరి అంకె దాకా ఒకటే ఉండాలి.
5. ఇంకో డిస్క్‌లోకి రెండో కాపీ తీయండి.

పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా 'ఫైల్ చాలా పెద్దది' అని మెసేజ్ వస్తే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందని అర్థం. అందులో 4 జీబీకి మించిన ఒక్క ఫైల్ కూడా పట్టదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట పెట్టి, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి.

రోజూ వాడే పీఎస్‌టీని వన్‌డ్రైవ్ లాంటి సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఉంచడం, ఆఫీస్ నెట్‌వర్క్ షేర్‌లో పెట్టి అక్కడి నుంచే తెరవడం బ్యాకప్ కాదు. నెట్‌వర్క్‌లో పీఎస్‌టీ వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు. సింక్, అవుట్‌లుక్ రెండూ ఒకే ఫైల్ మీద పడితే ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. అవుట్‌లుక్ మూసి తీసిన కాపీని క్లౌడ్‌లోకి అప్‌లోడ్ చేసి అక్కడే ఉంచుకోవడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

వారం వారం బ్యాకప్ తీసేవాళ్లు పాత కాపీ మీదే కొత్తది రాయకండి. ఫైల్ లోపల ఎక్కడో దెబ్బతిన్నా ఆ రోజు తెలియదు. దెబ్బతిన్నది వెళ్లి మంచి కాపీని చెరిపేస్తుంది. కనీసం చివరి మూడు కాపీలు తేదీలతో విడివిడిగా ఉంచండి.

## 6. కాపీ తెరుచుకుంటుందో లేదో చూడండి

తెరిచి చూడని కాపీని బ్యాకప్ అని నేననను. పాత సిస్టమ్ ఫార్మాట్ చేయకముందే, వేరే కంప్యూటర్‌లో ఈ పరీక్ష చేయండి. డిస్క్‌లో ఉన్న కాపీని నేరుగా తెరవొద్దు. ముందు ఆ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, దాన్నే తెరవండి. అప్పుడు బ్యాకప్ ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.

ఫైల్ → ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్ → ఓపెన్ అవుట్‌లుక్ డేటా ఫైల్ నొక్కి ఎంచుకోండి. ఇప్పుడు చూడాల్సినవి:

- ☐ 'పీఎస్‌టీ పరీక్ష' మెయిల్ ఉందా?
- ☐ సెంట్ ఐటమ్స్‌లో చివరిగా పంపిన మెయిల్ ఉందా?
- ☐ బాగా పాత మెయిల్ ఒకటి తెరిస్తే దాని అటాచ్‌మెంట్ తెరుచుకుంటోందా?
- ☐ కాంటాక్ట్స్ సంఖ్య పాత సిస్టమ్‌తో సరిపోతోందా?

చూశాక ఆ ఫోల్డర్ గుంపు పేరు మీద రైట్ క్లిక్ చేసి 'క్లోజ్' నొక్కండి. అది మెయిల్స్‌ను చెరపదు, అవుట్‌లుక్ నుంచి ఫైల్‌ను విడదీస్తుంది అంతే.

## 7. కొత్త సిస్టమ్‌లో కలపడం

ముందు ఒక హెచ్చరిక, ముఖ్యంగా పాప్ వాళ్లకు. కొత్త సిస్టమ్‌లో అకౌంట్ పెట్టేముందు పాత సిస్టమ్‌లో అవుట్‌లుక్ తెరవడం ఆపేయండి. రెండూ ఒకేసారి మెయిల్స్ లాగుతుంటే కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ పడతాయి. సర్వర్‌లో కాపీ ఉంచని సెట్టింగ్ ఉంటే వాటిని మళ్లీ ఒకచోట చేర్చడానికి రోజులు పడుతుంది.

1. సింక్ కాని చోట ఒక ఫోల్డర్ పెట్టండి. సి డ్రైవ్‌లో నేరుగా 'మెయిల్స్' అని పెట్టుకున్నా సరే. బ్యాకప్‌ను అందులోకి కాపీ చేయండి. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా కలపకండి. అది తీసేసిన రోజు అవుట్‌లుక్ ఫైల్ దొరకలేదని ఆగిపోతుంది.
2. ఫైల్ ప్రాపర్టీస్‌లో 'రీడ్ ఓన్లీ' టిక్ ఉంటే తీసేయండి. సీడీ, డీవీడీల నుంచి వచ్చిన కాపీలకు ఇది ఉండొచ్చు.
3. అకౌంట్ పెట్టండి. అప్పుడు అవుట్‌లుక్ తనంతట తాను ఒక ఖాళీ డేటా ఫైల్ తయారు చేస్తుంది. చేయనివ్వండి.
4. 'ఓపెన్ అవుట్‌లుక్ డేటా ఫైల్'తో మీ పాత పీఎస్‌టీని తెరవండి.

ఐమ్యాప్, మైక్రోసాఫ్ట్ 365 వాళ్ల పని ఇక్కడితో అయిపోయింది. పాత పీఎస్‌టీ ఎడమవైపు విడిగా కనిపిస్తుంది. అందులోని ఫోల్డర్లను మెయిల్‌బాక్స్‌లోకి లాగితే అవి సర్వర్‌కు అప్‌లోడ్ అవుతాయని గుర్తుంచుకోండి. ఉచిత జీమెయిల్‌లో డ్రైవ్, ఫోటోలతో కలిపి ఉండేది 15 జీబీ మాత్రమే. అది నిండితే కొత్త మెయిల్స్ ఆగిపోతాయి.

పాప్ వాళ్లు ఇంకో నాలుగు పనులు చేయాలి:

5. అకౌంట్ సెట్టింగ్స్ → డేటా ఫైల్స్‌లో పాత పీఎస్‌టీని ఎంచుకుని 'సెట్ యాజ్ డీఫాల్ట్' నొక్కండి.
6. 'ఈమెయిల్' ట్యాబ్‌కు వచ్చి, అకౌంట్ ఎంచుకుని, కింద ఉన్న 'చేంజ్ ఫోల్డర్' నొక్కి పాత పీఎస్‌టీలోని ఇన్‌బాక్స్‌ను చూపించండి. ఎక్కువమంది మర్చిపోయేది దీన్నే. డీఫాల్ట్ మార్చినంత మాత్రాన మెయిల్ అందులో పడదు.
7. అవుట్‌లుక్ మూసి మళ్లీ తెరవండి. ఫోన్ నుంచి మరో పరీక్ష మెయిల్ పంపి, సరైన ఇన్‌బాక్స్‌లో పడిందో లేదో చూడండి.
8. మొదట తయారైన కొత్త ఫైల్‌లో ఈలోగా ఏమైనా మెయిల్స్ దిగి ఉంటే పాత ఇన్‌బాక్స్‌లోకి మార్చండి. ఆ తర్వాతే దాన్ని జాబితా నుంచి 'రిమూవ్' చేయండి.

సర్వర్‌లో మిగిలి ఉన్న 14 రోజుల మెయిల్స్ రెండోసారి దిగుతాయి. ఇది తప్పు కాదు. తేదీ వారీగా పెట్టుకుని డూప్లికేట్లు తీసేయండి.

'ఇంపోర్ట్' ఆప్షన్‌ను నేను సిఫారసు చేయను. అది పాత మెయిల్స్‌కు ఇంకో కాపీ తయారు చేస్తుంది. మధ్యలో ఆగితే ఎంతవరకు వచ్చిందో తెలియదు, మళ్లీ చేస్తే డూప్లికేట్లు పెరుగుతాయి. ఉన్న ఫైల్‌ను ఉన్నట్టే తెరవడం శుభ్రమైన పని.

## 8. వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

'0x8004010ఎఫ్' అని, డేటా ఫైల్ అందడం లేదని ఎర్రర్. అకౌంట్ ఇంకా లేని ఫైల్‌నే చూస్తోంది. పైన 7వ భాగంలో 6వ దశగా చెప్పిన 'చేంజ్ ఫోల్డర్' మళ్లీ చేయండి. అయినా పోకపోతే కంట్రోల్ ప్యానెల్ → మెయిల్ → షో ప్రొఫైల్స్‌లో కొత్త ప్రొఫైల్ పెట్టి అకౌంట్ కలపండి.

ఫైల్ వాడుకలో ఉంది అంటోంది. అవుట్‌లుక్ వెనకాల నడుస్తోంది, లేదా సింక్ ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను పట్టుకుంది. రెండూ ఆపి మళ్లీ ప్రయత్నించండి.

ఫైల్‌లో లోపాలున్నాయి అంటోంది. అవుట్‌లుక్‌తోపాటే 'స్కాన్‌పీఎస్‌టీ' అనే రిపేర్ ప్రోగ్రామ్ వస్తుంది. సి డ్రైవ్ → ప్రోగ్రామ్ ఫైల్స్ → మైక్రోసాఫ్ట్ ఆఫీస్ → రూట్ → ఆఫీస్16లో వెతకండి. 32 బిట్ ఆఫీస్ అయితే ఎక్స్86 అని ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటుంది. అవుట్‌లుక్ మూసి, కాపీ మీదే నడపండి. ఒక్కసారితో ఆపకండి. లోపాలు లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. కొన్ని మెయిల్స్ 'లాస్ట్ అండ్ ఫౌండ్' ఫోల్డర్‌లో తేలొచ్చు, అక్కడా చూడండి.

సెర్చ్ చేస్తే పాత మెయిల్స్ రావడం లేదు. వెతకడానికి వాడే ఇండెక్స్ (మెయిల్స్ పట్టిక) ఇంకా తయారవుతోంది. పెద్ద ఫైల్ అయితే రాత్రంతా సిస్టమ్ ఆన్‌లో ఉంచండి.

'టు' నొక్కితే అడ్రస్‌లు కనిపించడం లేదు. కాంటాక్ట్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో 'అవుట్‌లుక్ అడ్రస్ బుక్' ట్యాబ్ తెరిచి, ఆ ఫోల్డర్‌ను అడ్రస్ బుక్‌గా చూపించమనే టిక్ పెట్టండి.

రూల్స్ పనిచేయడం లేదు. ప్రతి రూల్ తెరిచి, మెయిల్ వెళ్లాల్సిన ఫోల్డర్‌ను మళ్లీ చూపించండి.

ఫైల్ బాగా పెద్దదైంది. అవుట్‌లుక్ 2010 నుంచి పీఎస్‌టీకి మామూలు హద్దు 50 జీబీ. అక్కడిదాకా రానివ్వకండి. మన ఆఫీసులకు ఆర్థిక సంవత్సరం లెక్కే సులువు. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఒక పీఎస్‌టీ తయారుచేసి, పాత మెయిల్స్‌ను కొద్దికొద్దిగా అందులోకి మార్చండి. ఒకేసారి వేల మెయిల్స్ లాగితే అవుట్‌లుక్ బిగుసుకుపోతుంది. మార్చాక డేటా ఫైల్ సెట్టింగ్స్‌లో 'కాంపాక్ట్ నౌ' నొక్కితే పాత ఫైల్ సైజు తగ్గుతుంది.

## 9. థండర్‌బర్డ్ వాడేవాళ్లకు

థండర్‌బర్డ్ అవుట్‌లుక్ లాంటిదే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్. ఇందులో పని ఇంకా సులువు. హెల్ప్ → ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌లో 'ప్రొఫైల్ ఫోల్డర్' పక్కనున్న బటన్ నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. థండర్‌బర్డ్ మూసేసి, ఆ ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. మెయిల్స్, అడ్రస్ బుక్, సెట్టింగ్స్, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు అన్నీ అందులోనే ఉంటాయి. పాస్‌వర్డ్‌లు ఉన్నాయి కాబట్టి ఆ కాపీని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకండి.

కొత్త సిస్టమ్‌లో థండర్‌బర్డ్‌ను ఒకసారి తెరిచి మూయండి. ప్రొఫైల్ ఫోల్డర్‌ను అక్కడ పెట్టి, ప్రొఫైల్ మేనేజర్‌లో కొత్త ప్రొఫైల్ తయారుచేస్తూ 'చూజ్ ఫోల్డర్' దగ్గర దాన్నే చూపించండి. ఏదైనా ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే దాని ప్రాపర్టీస్‌లో 'రిపేర్ ఫోల్డర్' నొక్కండి. చాలాసార్లు పాడయ్యేది మెయిల్స్ కాదు, వాటి ఇండెక్స్.

## 10. పాత సిస్టమ్‌ను ఎప్పుడు ఫార్మాట్ చేయాలి?

కొత్తది బాగా నడుస్తోందని ఆ సాయంత్రమే ఫార్మాట్ చేయకండి. ఒక నెల జీఎస్టీ రిటర్న్, జీతాలు, బిల్లింగ్ అన్నీ కొత్త సిస్టమ్ మీద గడిచాక చేయండి. లేని ఫైల్, లేని ఫోల్డర్ ఏదైనా ఉంటే ఆలోపే బయటపడుతుంది.

- ☐ 3వ భాగంలో కాగితం మీద రాసిన ప్రతి పీఎస్‌టీ కొత్త సిస్టమ్‌లో తెరుచుకుంటోంది
- ☐ రెండు డిస్క్‌ల్లో కాపీలున్నాయి, ఒకటి ఆఫీస్ బయట ఉంది
- ☐ వేరే విండోస్ యూజర్ల కింద ఉన్న పీఎస్‌టీలు కూడా చూశాం (ఇది తరచూ మరచిపోతారు, ఉద్యోగం మానేసిన అకౌంటెంట్ లాగిన్ కింద ఒక ఫైల్ ఉండిపోయి ఉండొచ్చు)
- ☐ సిగ్నేచర్లు, రూల్స్, టెంప్లేట్లు వచ్చాయి
- ☐ కొత్త సిస్టమ్ నుంచి తీసిన మొదటి బ్యాకప్ తెరుచుకుంది